కీమో జరుగుతున్న పాపకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూడొచ్చా?

ఐదేళ్ల పాపకు లుకేమియా (రక్త క్యాన్సర్), హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు తిరుగుతున్నాం, రాత్రి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున దాకా ఆగొచ్చా అని అడిగారు.

ఆగకూడదండీ. కీమో వేశాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్‌ఫెక్షన్ వచ్చినా చీము, వాపు పెద్దగా కనిపించవు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. పారాసిటమాల్ ఆ గుర్తును కూడా దాచేస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం ఆగదు. థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే వెంటనే వార్డుకు ఫోన్ చేసి బయలుదేరండి. హైదరాబాద్ 140 కిలోమీటర్లకు పైనే కదా, మొదటి యాంటీబయాటిక్ వరంగల్‌లో ఎక్కడ వేయించాలో డాక్టరును ఇప్పుడే అడిగి రాయించుకోండి. మా బాబుకు కీమో జరిగినప్పుడు మేం ఆ కాగితం, చివరి సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రిపోర్టు, ఒక జత బట్టలు తలుపు వెనక సంచిలో ఉంచేవాళ్లం.

ఇంకోటి, సూది విషయంలో 'నొప్పుండదు' అనకండి. మా వాడికి ఒకసారి అలా చెప్పాం. ఆ తర్వాత కాజీపేట స్టేషన్‌లో రైలు చూస్తేనే ఏడ్చేవాడు. "నొప్పైతది, పది లెక్కపెట్టేలోపు అయిపోతది" అన్నాక నయం. లెక్క వాడే పెట్టేవాడు, ఎనిమిది దగ్గర కావాలనే ఆగేవాడు. అల్లరి చేసినందుకే జబ్బొచ్చిందని ఈ వయసు పిల్లలు అనుకుంటుంటారు. పాప అడగకపోయినా, నీ తప్పేం లేదని చెప్పండి.

స్టెరాయిడ్ వారాల్లో అర్ధరాత్రి పప్పన్నం కోసం పేచీ పెడితే అది మందు వల్లే, మొండితనం కాదు. మేమైతే రాత్రిపూట అన్నం గిన్నె ఖాళీ చేయడం మానేశాం.