కళ్లు మూసుకుంటే కుదరని ధ్యానం కుంచె పట్టుకుంటే కుదురుతుందా?

కళ్లు మూసుకుని కూర్చుంటే పది నిమిషాలకే ఆఫీసు పనులు గుర్తొస్తున్నాయని రాశారు. జపాన్‌వాళ్ల కుంచె రాత నిజంగా ధ్యానంలా పనిచేస్తుందా, ఆధ్యాత్మిక సాధనగా కూడా చేస్తారా, ఆ లిపి రానివాళ్లు మొదలుపెట్టవచ్చా అని అడిగారు. పనిచేస్తుంది. లిపి రాకపోయినా ఏమీ ఫర్వాలేదు. నేను ఒసాకాలో ఆరేళ్లుగా ప్రతి శనివారం మా ఇంటి దగ్గర ఒక చిన్న క్లాసుకి వెళ్తున్నాను. నాదీ అప్పట్లో మీ సమస్యే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి రోజు సెన్సే (గురువుగారిని అలాగే పిలవాలి) కుంచె చేతికివ్వలేదు. ఒక రాతి పలక, ఒక నల్లటి సిరా కణిక ఇచ్చి నూరమన్నారు. ఆ రాయిని సుజురి అంటారు. అందులో చదునుగా ఉండే భాగం పేరు నేల, లోతుగా ఉండే గుంట పేరు సముద్రం. నేల మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి కణికను గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. మా అమ్మమ్మ సాన మీద గంధం తీయడం చూసినదాన్ని కాబట్టి చెయ్యి వెంటనే అలవాటు పడింది. కానీ నాకు తొందర. గట్టిగా అదిమి నూరుతుంటే సెన్సే ఒక సామెత చెప్పారు: సిరాని ఆకలితో నీరసించిన ప్రేతం చేత నూరించాలట, కుంచెని రాక్షసుడి చేత పట్టించాలట. అదిమితే సిరా బరకగా వస్తుంది. బరువు పెట్టకుండా నూరితేనే నున్నగా, చిక్కగా దిగుతుంది. దానికి పావుగంట పడుతుంది. మసి, జిగురు కలిపి చేసే ఈ కణికలు ఎక్కువగా నారా నగరంలో తయారవుతాయి. నూరుతుంటే పచ్చకర్పూరాన్ని గుర్తుచేసే వాసన వస్తుంది. సీసాలో పోసిన సిరా కూడా దొరుకుతుంది, బళ్లో పిల్లలు అదే వాడతారు. మీరు ధ్యానం కోసం చేస్తున్నారు కాబట్టి దాని జోలికి వెళ్లకండి. నా మటుకు నాకు సగం ధ్యానం ఆ పావుగంటలోనే ఉంది.

తర్వాత మూడు నెలలు నేను రాసింది దాదాపు ఒకే అక్షరం. ఒకటి అనే అంకె, అంటే ఒక అడ్డగీత. కుంచె మొనను ఏటవాలుగా దించాలి, ఒక క్షణం ఆగాలి, ఒకే వేగంతో లాగాలి, చివర మళ్లీ ఆగి లేపాలి. రాసిన గీత మీద మళ్లీ కుంచె పెట్టకూడదు, అది ఖచ్చితమైన నియమం. కాగితం పల్చగా ఉండి సిరాని ఇట్టే పీల్చేస్తుంది. ఒక శనివారం బాగానే రాశాననుకున్నాను. కాగితాన్ని గోడకి తగిలించి దూరం నుంచి చూస్తే గీత మధ్యలో కందిగింజంత మచ్చ. అక్కడ కుంచె ఆగింది. ఎందుకు ఆగిందో నాకు వెంటనే తెలిసింది: పొద్దున ఫోన్లో తమ్ముణ్ణి అన్న మాట సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు మనసు ఎన్నిసార్లు ఎటు పోయిందో నాకు తర్వాత తెలిసేది కాదు. ఇక్కడ కాగితం చూపిస్తుంది. నాకు కుదిరింది ఇందుకే అనుకుంటాను.

ఆధ్యాత్మిక సాధన సంగతి అడిగారు కాబట్టి షాక్యో గురించి చెప్పాలి. షాక్యో అంటే బౌద్ధ సూత్రాన్ని చేత్తో రాయడం. ఎక్కువమంది రాసేది ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. అసలు పాఠం 262 అక్షరాలు, వరుసకి 17. నారాలోని యకుషిజి ఆలయంలో ఎవరైనా వెళ్లి రాయవచ్చు. 1976లో అక్కడ ప్రధాన మందిరాన్ని తిరిగి కట్టింది కూడా ఇలా రాసినవాళ్లు సమర్పించిన కానుకలతోనే. ఆలయ పెద్ద తకాదా కోయిన్ పది లక్షల ప్రతులు రాయించాలని సంకల్పించి ఊరూరా తిరిగారు. నేను వెళ్లినప్పుడు గదిలోకి అడుగుపెట్టే ముందు ఒక లవంగం ఇచ్చి నోట్లో పెట్టుకోమన్నారు. గుమ్మం దగ్గర ఏనుగు ఆకారంలో ఉన్న ధూపపాత్రని దాటి లోపలికి వెళ్లాలి. మూల ప్రతి మీద పల్చటి కాగితం పరిచి ఉంటుంది, కనిపించే అక్షరం మీదే కుంచె నడపడం. లిపి రాదని భయపడక్కర్లేదన్నది ఇందుకే.

చివరి వరుసకి వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి, లవంగం మెత్తబడిపోయింది. పక్కన ఒక పెద్దావిడ పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు: గ్యాతెయ్ గ్యాతెయ్ హరగ్యాతెయ్ హరసోగ్యాతెయ్ బోజి సోవకా. సోవకా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది స్వాహా! గతే గతే పారగతే పారసంగతే బోధి స్వాహా. మా ఇంట్లో హోమం జరిగినప్పుడల్లా విన్న మాట. దీన్ని చైనా భాషలోకి తెచ్చింది హ్యూయెన్ త్సాంగ్ అని చెబుతారు. ఆయనకి ఆ ఆలయంలోనే ప్రత్యేకంగా ఒక మందిరం ఉంది. మన అమరావతి ప్రాంతాన్ని, అంటే అప్పటి ధాన్యకటకాన్ని, చూసి వెళ్లిన యాత్రికుడు ఆయనే. ఆ రోజు నా కాగితం మీద అన్నిటికన్నా పెద్ద మచ్చ స్వాహా దగ్గరే పడింది. దాన్ని అలాగే సమర్పించి వచ్చాను.

మన రామకోటి కూడా ఇలాంటిదే. అమ్మమ్మ మధ్యాహ్నం పనయ్యాక అరుగు మీద కూర్చుని గళ్ల పుస్తకంలో శ్రీరామ రాసేది, పుస్తకం నిండితే భద్రాచలం పంపేది. అప్పుడు నాకు అది కాలక్షేపంలా కనిపించింది. అలా అనుకున్నందుకు ఇప్పుడు బాధగా ఉంటుంది.

కుంచెతో తెలుగులో కూడా రాయవచ్చు. నిజానికి మీరు దాంతోనే మొదలుపెట్టండి. జెన్ బౌద్ధ సాధువులు ఎన్‌సో అని ఒక్క ఊపిరిలో ఒక వలయం గీస్తారు. మన ‘ర’ దాదాపు అదే, పైన తలకట్టు అదనం. వలయం ఒకే వేగంతో తిప్పడం చాలా కష్టం, కింద మలుపులో సిరా చేరిపోతుంది. తలకట్టు కుదిరితే మాత్రం కుంచెకే పుట్టినట్టు ఉంటుంది: దించి, ఆపి, పైకి విసరాలి.

ఇంట్లో మొదలుపెట్టడానికి మొన బాగా కూడే గుండ్రటి కుంచె ఒకటి, సిరా కణిక, రాయి, పాత న్యూస్ పేపర్లు చాలు. కింద మందపాటి గుడ్డ పరవండి. మోకాళ్ల మీద కూర్చోలేకపోతే కుర్చీలోనే రాయండి, వీపు నిటారుగా ఉంటే సరిపోతుంది. మంచి బట్టలు వేసుకోవద్దు, ఈ సిరా మరక పోదు. అయ్యాక కుంచెని వెంట్రుకల మొదలు దాకా వేళ్లతో నొక్కుతూ, నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి, వేలాడదీసి ఆరబెట్టండి. మొదటి నెల ధ్యానం మాటే ఎత్తకండి, ‘ర’ మీద దృష్టి పెట్టండి. రోజుకి పది చాలు. నెలయ్యాక మొదటి రోజుదీ చివరి రోజుదీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.