అమ్మానాన్నల తొలి అమెరికా ప్రయాణం: విడి టికెట్లు వద్దు

హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ ఒకటి, ఫ్రాంక్‌ఫర్ట్-షికాగో ఇంకొకటి విడిగా కొంటే చవకగా వస్తున్నాయి, తీసుకోవచ్చా అని అడిగారు కదా. వద్దండీ. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే జర్మనీ ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదన్నది నిజమే, కానీ అది ట్రాన్సిట్ ఏరియా, అంటే విమానం మారేవాళ్లు ఉండే చోటు, దాటనంత వరకే. టికెట్లు వేరైతే సూట్‌కేసులు అక్కడ దించుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అందుకు బయటికి రావాలి, రావాలంటే జర్మనీలోకి అడుగుపెట్టనిచ్చే షెంగెన్ వీసా కావాలి. అసలు హైదరాబాద్ కౌంటర్‌లోనే ఆపేయొచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు నీళ్లపాలు. ఒకే పీఎన్ఆర్ మీద తీయండి.

షికాగోలో దిగి డెట్రాయిట్ వెళ్లే విమానం ఎక్కడానికి మీరు చూసిన గంటన్నర వ్యవధి చాలదు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, సామాను తీసుకుని కస్టమ్స్ దాటడం, మళ్లీ అప్పగించడం. మూడు గంటలైనా ఉండాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి వీల్‌చెయిర్ అడగండి, దారి వెతుక్కునే బాధ ఇద్దరికీ తప్పుతుంది.

వీసా పదేళ్లకున్నా, ఉండగలిగేది ఐ-94లో, అంటే అమెరికాలో ప్రవేశించినప్పుడు నమోదయ్యే రికార్డులో, పడే తేదీ వరకే. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు.

కరివేపాకు మాత్రం పెట్టనివ్వకండి. మా అమ్మ చీరల మధ్య దాచిన కట్ట కస్టమ్స్ చెత్తబుట్టకే పోయింది. మాంసం పచ్చళ్లూ వద్దు.