ఆయిల్ పెయింటింగ్‌లో చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు వస్తుంటే
వెలుగు పడే చోటల్లా తెలుపు కలుపుతున్నారు, అందుకే ముఖం పాలిపోతోంది. టైటానియం వైట్ (మామూలుగా వాడే తెలుపు) రంగును చల్లబరిచేస్తుంది, అంటే నీలి వైపు లాగుతుంది.

1. మూలరంగు: బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ) 2 పాళ్లు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు) 1 పాలు, అల్ట్రామెరైన్ (ముదురు నీలం) చిటికెడు.
2. వెలుగు కోసం ముందు ఓకర్ పెంచండి. తెలుపు ఆఖర్న, రంగులు కలిపే కత్తి మొనకు అంటేంత.
3. చాలామంది వదిలేసేది ఇదే: ముఖమంతా ఒకే రంగు కాదు. చెవులు, ముక్కు కొస, బుగ్గల్లో చర్మం కింది రక్తం పైకి తెలుస్తుంది. అక్కడ అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కాస్త కలపండి. నుదురు పసుపు వైపు, గడ్డం దగ్గర నీలి వైపు మొగ్గాలి. ముఖానికి ప్రాణం వచ్చేది ఇక్కడే.
4. చర్మం మీది నూనె మెరుపు కిటికీ వెలుగు ప్రతిబింబం. అక్కడ మాత్రం చల్లటి తెలుపే సరి.

ఇప్పటికే పాలిపోయిన బొమ్మైతే, బాగా ఆరాక అవిసె నూనెలో పల్చగా కలిపిన బర్న్ట్ సియెన్నా ఒక పూత వేయండి.