ఎక్స్‌రే గదికి వెళ్లకుండానే ఎముక విరిగిందో లేదో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలోనే మేరీ క్యూరీ కార్లలో ఎక్స్‌రే పరికరాలు పెట్టించి యుద్ధభూమి దగ్గరికి నడిపించారు. వాటికి కరెంటేమో కారు ఇంజిన్ తిప్పే డైనమో నుంచే.

ఇప్పుడు ఫోన్‌కి తగిలించే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లు వచ్చాయి. గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే. జెల్ రాసి చేతిమీద ఆనిస్తే ఎముక పైఅంచు తెల్లటి గీతలా కనిపిస్తుంది. విరిగిన చోట ఆ గీత తెగుతుంది, లేదా మెట్టులా దిగుతుంది. రేడియేషన్ టెన్షన్ లేదు, అందుకే పిల్లలు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు బాగా పనికొస్తుంది.

తుంటికి, వెన్నెముకకు మాత్రం ఎక్స్‌రేనో సీటీనో తప్పదు. అల్ట్రాసౌండ్ పంపే ధ్వని తరంగాలు ఎముకను దాటి లోపలికి పెద్దగా పోవు. చూసేవాళ్లు చెయ్యి తిరిగినవాళ్లై ఉండాలి కూడా.

ఈ ప్రోబ్ కొని ఇంట్లో పెట్టుకుందామంటే కుదరదు: లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు మన దేశంలో అమ్మకూడదు.