ట్రిగ్గర్ తేలికైంది, తూటా పేలడం లేదు

ప్రశ్న: నాది గ్లాక్ 19 పిస్టల్, జెన్ 4 (నాలుగో తరం). ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని బయటి కంపెనీ కిట్ వేయించాను. అందులో తేలికపాటి స్ట్రైకర్ (తూటాను కొట్టి పేల్చే పిన్ను) స్ప్రింగ్ కూడా ఉంది. తర్వాత మరలున్న బ్యారెల్, దాని మూతికి కంపెన్సేటర్ (పిస్టల్ ఎగరకుండా గ్యాస్‌ను మళ్లించే పార్టు) పెట్టించాను. ఇప్పుడు వందలో రెండు మూడు తూటాలు ‘టిక్’మని ఊరుకుంటున్నాయి. 115 గ్రెయిన్ (బరువు కొలత) తూటాలైతే ఖాళీ కేస్ బయటపడకుండా నిలువుగా ఇరుక్కుంటోంది. పిస్టల్ పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పిస్టల్‌కేం కాలేదు. రెండు వేర్వేరు జబ్బులు ఒకేసారి తెచ్చుకున్నారు.

ముందు ‘టిక్’ సంగతి. పేలకపోతే పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలేవీ ఉంటాయి. తర్వాత తూటా తీసి ప్రైమర్ (తూటా అడుగున, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే బిళ్ల) మీది నొక్కు చూడండి. లోతు లేకపోతే దెబ్బ చాలనట్టు. గ్లాక్‌లో స్ట్రైకర్ కొంతమేర ముందే వెనక్కి లాగి ఉంటుంది, మిగతాది మీ వేలు లాగుతుంది. స్ప్రింగ్ బలం తగ్గిస్తే ట్రిగ్గర్ తేలికయ్యేదీ, దెబ్బ నీరసించేదీ అందుకే. గ్లాక్ కంపెనీ స్ప్రింగ్ సుమారు 5.5 పౌండ్లు, కిట్లలో 4, 4.5 పౌండ్లవి వస్తాయి. మెత్తటి ప్రైమర్లయితే నెట్టుకొస్తాయి, మిలిటరీ తరహా గట్టి ప్రైమర్ల దగ్గర దొరికిపోతాయి. స్ట్రైకర్ కదిలే గాడిలో నూనె వేసి ఉంటే తుడిచేయండి. అది పొడిగానే ఉండాలి.

అయితే తప్పంతా స్ప్రింగ్ మీదే వేయకండి. కొత్త బ్యారెల్ ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఇరుకైతే స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ కదిలే భాగం) పూర్తిగా మూసుకోదు, స్ట్రైకర్ బలం తూటాను ముందుకు నెట్టడానికే సరిపోతుంది. బ్యారెల్ విడదీసి ఛాంబర్లో ఒక తూటా వేయండి. ‘టక్’మని కూర్చోవాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే దానంతటదే పడిపోవాలి.

ఇక కేస్ ఇరుక్కోవడం కంపెన్సేటర్ పని. అది గ్యాస్‌ను పైకి మళ్లిస్తుంది, బ్యారెల్‌కు బరువు కూడా పెంచుతుంది. దాంతో స్లైడ్ వెనక్కి పూర్తిగా వెళ్లదు. బలమైన 124 గ్రెయిన్ నాటో తూటాలతో చాలాసార్లు ఇది సర్దుకుంటుంది. కొందరు తేలిక రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు తెచ్చేది) వేస్తారు. జెన్ 4లో ఉన్నది జంట స్ప్రింగ్ కాబట్టి దానికి అడాప్టర్ కూడా కావాలి. వేశాక ఒక పరీక్ష: మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లతో, వేలితో చూసుకోండి. పిస్టల్ మూతిని పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లైడ్ వెనక్కి లాగి మెల్లగా వదలండి. చివరిదాకా మూసుకోకపోతే ఆ స్ప్రింగ్ పనికిరాదు.

కంపెన్సేటర్ తీసేయండి, కంపెనీ స్ట్రైకర్ స్ప్రింగ్ వేయండి, 200 తూటాలు కాల్చండి. ఆగకుండా నడిస్తే ఒక్కో పార్టూ తిరిగి చేర్చండి, ఒక్కోదానికీ మళ్లీ 200. ఆత్మరక్షణకు దగ్గరుంచుకునే పిస్టలైతే ఆ తేలిక స్ప్రింగ్‌ను డబ్బాలోనే ఉంచడం మేలు.

ప్రశ్న: పిస్టల్ మీద రెడ్ డాట్ (గురి చూసే ఎర్రచుక్క అద్దం) పెట్టించిన రోజు నుంచి ఖాళీ కేస్ ఛాంబర్లోనే ఉండిపోతోంది. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేస్‌ను లాగే కొక్కెం) మార్చాలా?

జవాబు: ముందు స్క్రూ పొడవు చూడండి. కుడివైపు స్క్రూ పొడుగైతే, కిందనే ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ ప్లంజర్‌ను (దాన్ని ఒత్తిపట్టే పుల్లను) నొక్కి బిగబట్టేస్తుంది. పిస్టల్ ఖాళీ చేసి, స్లైడ్ విడదీసి, వెనక ప్లేట్ తీసి చూస్తే ప్లంజర్ స్వేచ్ఛగా జారాలి. జారకపోతే ఆ డాట్ తయారీదారు చెప్పిన పొడవు స్క్రూలు తెప్పించి, చెప్పినంతే బిగించండి. ఎక్కువగా 12–15 ఇంచ్ పౌండ్లు ఉంటుంది.