సైట్‌లో పేరుంటే ఆ మనిషి ఉన్నట్టేనా?

ప్రశ్న: బీఏ హిస్టరీ ఫైనలియర్ చదువుతున్నాను. మధ్యయుగ ఐర్లాండ్ ఆడవాళ్ల మీద రీసెర్చ్ చేయాలని ఉంది. వంశవృక్షాల సైట్లలో ఒక్కొక్కరికీ ఒక్కో కథ ఉంటోంది. వాళ్లు నిజంగా ఉన్నారో లేదో ఎలా తేల్చుకోవాలి? మాస్టర్స్‌కి ఐర్లాండ్ వెళ్తానంటే ఇంట్లో వద్దంటున్నారు.

జవాబు: అమ్మా, ఇంట్లోవాళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ మొదటి ప్రశ్నే అసలైంది. వంశవృక్షాల సైట్‌ను ఆధారం అనుకోకు. అక్కడ దొరికిన పేరు ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే.

గోర్మ్‌లా అనే పేరు తీసుకో. రాజకుటుంబాల్లోనే ఆ పేరుతో బాగా తెలిసినవాళ్లు ఇద్దరున్నారు: ఫ్లాన్ కూతురు 948లో చనిపోయింది, మురహద్ కూతురు, అంటే ఐర్లాండ్ రాజు బ్రియన్ బోరు భార్యల్లో ఒకామె, 1030లో చనిపోయింది. ఇద్దర్నీ విడదీసి చూపించేది ‘ఇంగెన్’ అనే చిన్న మాట, కూతురు అని అర్థం. అప్పటి ఐరిష్ రాతల్లో పెళ్లయ్యాక కూడా ఆడవాళ్లను తండ్రి పేరుతోనే గుర్తించేవారు కాబట్టి భర్త పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే దారి తప్పుతావు.

అల్‌స్టర్ వార్షిక చరిత్రలో, అంటే ఏడాదివారీగా సంగతులు రాసిన పుస్తకంలో, ఫ్లాన్ కూతురి గురించి, పశ్చాత్తాపంలో చనిపోయిందని ఒక్క ముక్క ఉంది. మనకున్న రాతప్రతి 15వ శతాబ్దం చివరిదే, అయినా పాత వార్షిక నోట్లను చూసి ఎత్తి రాసింది, అందుకే ఆ ఒక్క ముక్కకు అంత విలువ. మరి ముగ్గురు రాజులను పెళ్లాడి చివరికి బిచ్చమెత్తుకుందన్న కథ, ఆమె రాసిందని చెప్పే పద్యాలు? అవి తర్వాతి కాలంలో అల్లుకున్నవి. ఆమె ఉందన్నది ఒక విషయం, ఆమె కథ ఇంకో విషయం, ఈ రెండూ నీ నోట్స్‌లో వేర్వేరు పేజీల్లో ఉండాలి. ఇంకోటి, అదే చరిత్రలో 1013కు ముందు తేదీలు ఒక ఏడాది వెనక నడుస్తాయి. 947 ఒకచోట, 948 ఇంకోచోట కనిపిస్తే ఇద్దరు మనుషులు అనుకోకు.

‘నలుగురు ఆచార్యుల’ చరిత్ర అనే ఇంకో వార్షిక చరిత్రలో మాత్రమే పేరు దొరికితే జాగ్రత్త, అది 1632–36లో కూర్చింది. 12వ శతాబ్దపు ‘బాన్‌షెన్‌ఖస్’ అచ్చంగా ఆడవాళ్ల జాబితానే, ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎవరి తల్లి అని చెబుతుంది, కానీ పాత తరాల్లోకి వెళ్లేకొద్దీ పురాణ స్త్రీలూ కలిసిపోతారు. అసలు ఎక్కడా దొరకకపోయినా లేదని రాసేయకు. 1922లో డబ్లిన్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి వందల ఏళ్ల కాగితాలు పోయాయి.

ఇప్పుడు చదువు సంగతి. ట్రినిటీ, కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీల్లో ఈ రంగం ఉంది, కానీ పాత ఐరిష్, లాటిన్ రాకుండా అనువాదాల మీద ఆధారపడితే ఎక్కువ దూరం వెళ్లలేవు. పర్మనెంట్ లెక్చరర్ పోస్టులు చాలా తక్కువ, ఇది మీ నాన్నగారికి దాచకుండా చెప్పు. ఆర్కైవ్స్, లైబ్రరీలు, రాతప్రతుల డిజిటైజేషన్ వైపు మాత్రం ఈ నైపుణ్యం పనికొస్తుంది.

అప్లికేషన్ పెట్టకముందే ఒక పని చెయ్. కార్క్ యూనివర్సిటీ వాళ్ల ‘సెల్ట్’ సైట్‌లో ఈ వార్షిక చరిత్రలన్నీ ఉచితంగా ఉన్నాయి. పెద్దగా తెలియని ఒక్క పేరు ఎంచుకుని పది రోజులు కూర్చో, ఏ చరిత్రలో ఏ ఏడాది కింద ఏ మాటల్లో ఉందో ఒక పేజీ రాయి. పది రోజులూ విసుగు రాకపోతే ఆ పేజీ ఇంట్లో చూపించు. ఫీజుల లెక్క అప్పుడు మీ నాన్నగారితో కలిసి వేద్దాం.