‘ఆదివారం రాకు కాల్పులు!’

సందేహం: రెండు నెలలుగా మట్టిపని నేర్చుకుంటున్నాను. ఇప్పుడు జపాన్ వాళ్ల ‘రాకు’ పద్ధతి మొదలైంది. మొదటిసారి ఫైరింగ్ పెట్టుకున్నామని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘ఆదివారం రాకు కాల్పులు’ అని రాశాను. మా చిన్నమ్మ టెన్షన్ పడి వెంటనే ఫోన్ చేసింది! ఫైరింగ్‌ను తెలుగులో ఏమనాలి? గిన్నెలు కాల్చే కిల్న్‌ను ఆవం అనొచ్చా? గిన్నెలను పొగలో పెట్టడాన్ని ఏమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ చిన్నమ్మ సరిగ్గానే చదివారు. ఆదివారం రావద్దు, అక్కడ తుపాకులు పేలుతున్నాయి అనే కదా ఆ వాక్యానికి అర్థం!

జపనీస్‌లో ‘రాకు’ అనే మాటకు హాయి, సుఖం అని అర్థం. 16వ శతాబ్దిలో క్యోటోలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు కోసం చోజిరో అనే కుమ్మరి చేసిన గిన్నెలతో ఈ పద్ధతి మొదలైంది. అక్కడ ‘ర’ హ్రస్వమే. ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి దీర్ఘం తగులుకుంది. వాడుకలో పడ్డ మాటను ఇప్పుడు మార్చమనను కానీ, పక్కన గిన్నె అనో పద్ధతి అనో చేర్చి రాయండి.

ఇక కాల్పులు. కాలడం, కాల్చడం మనకు పొయ్యి అంత పాతవి. మక్క కంకి కాలుస్తాం, ఇటుక కాలుస్తాం, రంజన్ కాలుస్తాం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘కాల్పులు’ మాత్రం పత్రికల పుణ్యమా అని పూర్తిగా తుపాకీ సొత్తయిపోయింది. ఇక దాన్ని కుమ్మరింటికి తేలేం. ‘దహనం’ అయితే మరీ శ్మశానానికి పోతుంది. రాతలో కాల్చడం అనండి, మాటలో మన వైపు ‘కాల్చుడు’ ఉండనే ఉంది. ‘ఆదివారం రాకు గిన్నెలు కాలుస్తున్నాం, చూడటానికి రండి’ అని రాసి ఉంటే చిన్నమ్మ టిఫిన్ కట్టుకుని వచ్చేవారు.

ఆవం అనొచ్చా అంటే, నిక్షేపంగా అనొచ్చు. సంస్కృత ‘ఆపాకం’ నుంచి వచ్చిన మాట, హిందీ ‘ఆవా’ కూడా దాని సంతానమే. కానీ పని తీరులో తేడా ఉంది. కుమ్మరి ఆవంలో కుండలు పేర్చి, పిడకలు, కట్టెలు సర్ది, పైన కప్పి నిప్పు పెడతారు. కాలాక అంతా చల్లారితే గానీ తీయరు. రాకులో చల్లారేదాకా ఆగరు. వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో గ్లేజు (గిన్నె మీది గాజులాంటి పూత) కరిగి తళతళలాడుతుండగానే, నిప్పుకణంలా ఉన్న గిన్నెను పొడవాటి పట్కారుతో బయటికి లాగుతారు. ఆ క్షణం చూస్తే కమ్మరి కొలిమే గుర్తొస్తుంది. అయినా కొలిమి అనకండి, అది ఇనుముది. బట్టీ ఇటుకకూ సున్నానికీ సరిపోతుంది. మీది గ్యాసుతో మండే చిన్న ఆవం.

లాగిన గిన్నెను రంపపు పొట్టున్న డబ్బాలో వేసి మూత పెడతారు కదా, అది జపాన్ ఆచారం కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ అనే కుండల కళాకారుడు మొదలుపెట్టిన పద్ధతి. దీన్ని ‘పొగబెట్టడం’ అంటే ఎవరినో ఇంట్లోంచి వెళ్లగొడుతున్నట్టు ఉంటుంది. మనకు ‘పొగచూరడం’ అనే చక్కని మాట ఉంది. కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో దూలాలు నల్లబడితే పొగచూరాయంటాం. గ్లేజు లేని చోట మీ గిన్నె నల్లబడేదీ అచ్చం అలాగే. కాబట్టి గిన్నెను పొట్టులో పొగచూరనిచ్చాం అనండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. గ్లేజు మీద పడే సన్నని గీతలను పగుళ్లు అనకండి. గిన్నె పగిలిందంటే పోయినట్టే. ఎండాకాలం చెరువు అడుగు నెర్రెలు వారుతుంది చూడండి, ఆ మాట తీసుకోండి. ఆ నెర్రెల్లోకి పొగ దూరి నల్లటి గీతలు తేలినప్పుడే ఆ గిన్నెకు అందం.